వైడ్ లెన్సు చేతికొచ్చాక ఎక్కడ నిలబడాలి?

ప్రశ్న: మాది బరంపురం. మా నాన్నగారు పట్టుచీరలు నేస్తారు. నేను పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాను, తీరిక దొరికినప్పుడు నా ఇష్టం కోసమూ తీసుకుంటాను. నా దగ్గర క్రాప్ సెన్సర్ ఉన్న నికాన్ కెమెరా, దానితో వచ్చిన 18–55 లెన్సు ఉన్నాయి. మూడు నెలల కిందట ఒక మిత్రుడు వాడిన నికాన్ 10–20 మి.మీ. వైడ్ యాంగిల్ లెన్సు కొన్నాను. దానితో గోపాల్‌పూర్ వెళ్లి సముద్రాన్ని తీస్తే నీళ్లన్నీ ఒక సన్నని గీతలా వచ్చాయి. మందస వైపు నుంచి మహేంద్రగిరిని తీస్తే అంత పెద్ద కొండ చీమలపుట్టంత అయింది. మొన్న ఒక పెళ్లిలో గ్రూపు ఫొటో తీస్తే రెండు చివర్లా నిలబడినవాళ్లు లావుగా, తలలు సాగినట్టుగా వచ్చారు. పెళ్లికూతురి మేనత్తగారు చాలా నొచ్చుకున్నారు. ఈ లెన్సు అమ్మేయమంటారా? ఉంచుకుంటే దీనితో కొత్తగా ఏమి తీయవచ్చు? దీనికి ఎలాంటి ఫిల్టరు పెట్టాలి?

సమాధానం: అమ్మవద్దు. మీరు రాసిన మూడు సందర్భాల్లోనూ లెన్సు తన పని తాను సరిగ్గానే చేసింది. మీరు నిలబడిన చోటు మాత్రం ఆ లెన్సుకు సరిపడేది కాదు. ఈ సంగతిని కొంచెం నిదానంగా వివరిస్తాను, ఎందుకంటే ఇది ఒకసారి మనసుకెక్కితే కొత్తగా ఏమి తీయవచ్చునన్న మీ ప్రశ్నకు సమాధానాలు మీకే తోచడం మొదలవుతుంది.

దూరంగా ఉన్న వస్తువు ఫొటోలో ఎంత పెద్దగా పడుతుందన్నది ఫోకల్ లెంగ్త్‌ను, అంటే లెన్సు మీద మి.మీ.లలో రాసి ఉండే అంకెను బట్టి ఉంటుంది. మీ పాత లెన్సును 55 దగ్గర పెట్టి తీసినప్పుడు మహేంద్రగిరి ఫ్రేములో ఎంత ఎత్తు వచ్చేదో, అదే చోట నిలబడి 10 దగ్గర తీస్తే అందులో అయిదో వంతు కూడా రాదు. కొండ 1,501 మీటర్ల ఎత్తున్నా ఈ లెక్క మారదు. మీ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి 10 మి.మీ. అన్నది ఫుల్ ఫ్రేమ్ (పాత 35 మి.మీ. ఫిల్మంత సెన్సర్) లెక్కలో 15 మి.మీ.కు సమానమవుతుంది, ఫ్రేము ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలిస్తే దాదాపు 110 డిగ్రీల మేర దృశ్యం లోపలికి వస్తుంది. అంత వెడల్పు లోపలికి రావాలంటే అందులోని ప్రతిదీ చిన్నది కాక తప్పదు. అందువల్ల వైడ్ యాంగిల్ లెన్సు కొన్న మొదటి నెలల్లో మనమందరమూ చేసే పొరపాటు, ఎదుట ఉన్నదంతా ఒకే ఫొటోలో పట్టించాలనుకోవడం. అన్నీ పడతాయి, కానీ ఏ ఒక్కటీ కంటికి ఆనదు.

మరి ఈ లెన్సు దేనికి? ఒక వస్తువుకు బాగా దగ్గరగా వెళ్లి, ఆ వస్తువును పెద్దదిగా చూపిస్తూనే, అది ఎక్కడ ఉందో, ఎవరి మధ్య ఉందో కూడా అదే ఫొటోలో చెప్పడానికి. ఈ గుణాన్ని మీ ఇంట్లోనే పరీక్షించి చూడండి. ఒక ఇత్తడి చెంబును అరుగు మీద పెట్టి, దాని వెనక అయిదు మీటర్ల దూరంలో వీధి గుమ్మం కనిపించేలా కూర్చోండి. లెన్సును 10 దగ్గర ఉంచి, చెంబుకు ముప్ఫై సెంటీమీటర్ల దూరం నుంచి ఒక ఫొటో తీయండి. తర్వాత ఒక మీటరు ఇరవై సెంటీమీటర్లు వెనక్కి జరిగి మరొకటి తీయండి. రెండో ఫొటోలో చెంబు అయిదో వంతుకు తగ్గిపోతుంది, గుమ్మం మాత్రం అయిదింట నాలుగు వంతులు అలాగే ఉంటుంది. అంటే మీరు వేసిన రెండడుగులకు చెంబు పెద్ద పాత్ర స్థాయి నుంచి ఏదో మూలనున్న వస్తువు స్థాయికి దిగిపోయింది, గుమ్మానికి పెద్దగా తేడా తెలియలేదు. దగ్గరి వస్తువుకూ దూరపు వస్తువుకూ మధ్య పరిమాణంలో ఉండే ఈ సంబంధాన్ని నిర్ణయించేది మీరు నిలబడిన దూరమే. ఏ లెన్సు పెట్టినా అంతే. వైడ్ లెన్సు చేసే మేలల్లా, చెంబు దగ్గరికి అంతగా వెళ్లినా వెనక గుమ్మం ఫ్రేములోనుంచి జారిపోకుండా నిలబెట్టడం. అందుకే ఈ లెన్సుతో పని చేసేవారికి జానెడు దూరం కూడా చాలా విలువైనది.

మీకు ఇంతకంటే మంచి పాఠశాల మీ ఇంట్లోనే ఉంది. మీ నాన్నగారి మగ్గం గురించి మీరు ఉత్తరంలో ఒక్క వాక్యమే రాశారు గానీ, నేనైతే గోపాల్‌పూర్ కంటే ముందు అక్కడే మొదలుపెడతాను. గుంటమగ్గం ఉన్న గది సాధారణంగా ఇరుకుగా ఉంటుంది; 18–55 లెన్సుతో వెనక్కి జరగబోతే వీపుకు గోడ తగులుతుంది. మీ కొత్త లెన్సు 10 దగ్గర ఒక మీటరు దూరంలో దాదాపు రెండు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్ల వెడల్పును, మూడు మీటర్ల దూరంలో ఏడు మీటర్ల వెడల్పును చూస్తుంది. కాబట్టి గది సమస్య తీరినట్టే. కానీ గది మొత్తం పట్టిందని సంతోషపడి గుమ్మంలో నిలబడి ఒక ఫొటో తీసి వచ్చేస్తే, మళ్లీ మహేంద్రగిరి కథే అవుతుంది. నాన్నగారు ఆ గదిలో ఒక చిన్న బొమ్మలా మిగులుతారు.

అలా కాకుండా, మగ్గం పక్కన నేలమీద కూర్చుని, కెమెరాను అప్పుడే నేసిన బట్ట ఎత్తుకు దించండి. మీ లెన్సు 22 సెంటీమీటర్ల దూరం వరకూ ఫోకస్ చేయగలదు. ఆ దూరాన్ని సెన్సర్ ఉన్న చోటు నుంచి కొలుస్తారు, కాబట్టి లెన్సు ముందు గాజు నుంచి చూస్తే అది ఇంకా తక్కువ. బరంపురం పట్టు అంచులో గుడి గోపురాల్లా వరుసగా లేచే కుంభాలు ఉంటాయి కదా, ఆ అంచు ఫ్రేము కింది భాగంలో లెన్సుకు జానెడు దూరంలో ఉండనివ్వండి. ఆ వెనక నాన్నగారి చేతులు, ఆ చేతుల నుంచి బయలుదేరిన నాడె (అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయేది), దాని వెనక అవతలి గోడ వరకూ సాగిపోయే పడుగు పోగులు. ఆ పోగులన్నీ దూరం వెళ్లేకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతూ గోడ దగ్గర ఒక్క చోట కలుసుకుంటున్నట్టు కనిపిస్తాయి. వైడ్ లెన్సుకు ఇలాంటి గీతలంటే ప్రాణం. అవి చూసేవారి కంటిని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతాయి. నాన్నగారి ముఖం మాత్రం ఫ్రేము మధ్య భాగానికి దగ్గరగా ఉండేలా చూసుకోండి. మూలకు నెట్టారంటే మేనత్తగారికి జరిగిందే ఆయనకూ జరుగుతుంది.

ఇప్పుడు ఫోకస్ సంగతి. అపెర్చర్‌ను, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/8 దగ్గర పెట్టి, 10 మి.మీ. దగ్గర అరవై అయిదు సెంటీమీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, దాదాపు ముప్ఫై మూడు సెంటీమీటర్ల నుంచి కంటిచూపు ఆనే దూరం వరకూ అంతా స్పష్టంగా వస్తుంది. అంచు మీద కుంభమూ, అవతలి గోడ మీద తగిలించిన క్యాలెండరూ రెండూ చదవగలిగేంత స్పష్టత ఈ లెన్సుకు సహజంగా ఉన్న వరం. అదే 18 దగ్గరైతే అంతటి స్పష్టత కోసం రెండు మీటర్ల దూరానికి ఫోకస్ చేయాలి, దగ్గర హద్దు మీటరుకు జరిగిపోతుంది. తలుపు నుంచి వచ్చే వెలుగు ఒక్కటే ఉంటే షట్టర్ వేగం (సెన్సర్ మీద వెలుగు పడనిచ్చే సమయం) సెకనులో పదిహేనో వంతుకు పడిపోవచ్చు. భయపడకండి. ఫోకల్ లెంగ్త్ తక్కువైనప్పుడు చేతి వణుకు అంతగా తెలియదు, పైగా మీ లెన్సులో వణుకును సరిచేసే ఏర్పాటు ఉంది. ఆ వేగంలో నాడె మాత్రం ఒక చారలా సాగి కనిపిస్తుంది, నాన్నగారి ముఖం నిశ్చలంగా ఉంటుంది. నా దృష్టిలో మగ్గం ఫొటోలో ఆ చార ఉండి తీరాలి. కదలకుండా ఆగిపోయిన నాడెను చూస్తే మగ్గం పని చేస్తోందో, ఫొటో కోసం పట్టుకు కూర్చున్నారో చూసేవారికి తెలియదు.

అదే గదిలో ఇంకో రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి, గట్టి బల్ల మీద నిలబడి కెమెరాను నిట్టనిలువుగా కిందికి వంచి తీయడం. పై నుంచి చూసినప్పుడు మగ్గం ఒక పటంలా పరుచుకుంటుంది, నాన్నగారి తల, భుజాలు, రెండు చేతులు, నేలమీద దొర్లుతున్న కండెలు, పక్కనే అమ్మగారు పెట్టి వెళ్లిన మంచినీళ్ల గ్లాసు వరకూ అన్నీ ఒకే తలం మీద కనిపిస్తాయి. ఫ్రేము అంచుల్లోకి మీ పాదాలు వచ్చాయేమో చూసుకోండి, ఈ లెన్సుతో అది తరచూ జరుగుతుంది. రెండోది, పని ఆపి ఉన్నప్పుడు, నాన్నగారి అనుమతితో గుంటలోకి దిగి, పడుగు కింది నుంచి పైకి తీయడం. పోగుల సందుల్లోంచి పైకప్పు, కిటికీ వెలుగు, పైనుంచి తొంగి చూసే మనిషి ముఖం, ఇవన్నీ సన్నని గీతల వెనక కనిపిస్తాయి. మనిషి కన్ను సాధారణంగా వెళ్లని చోటికి వెళ్లడం ఈ లెన్సుతో చేయగల పనుల్లో నాకు చాలా ఇష్టమైనది. కానీ లెన్సు ముందుండే తొడుగు (హుడ్) పట్టుకు తగలకుండా అతి జాగ్రత్తగా ఉండండి. తెగిన పోగును వెతికి అతకడానికి ఎంత సమయం పడుతుందో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలనిపిస్తోంది. ఇంగ్లండుకు చెందిన ఫొటోగ్రాఫర్ బిల్ బ్రాంట్ 1940లలో ఒక పాత కొడాక్ చెక్క కెమెరాను కొన్నాడు. అది నేరం జరిగిన గదులను నమోదు చేసుకోవడానికి పోలీసులు వాడిన తరహా కెమెరా. లెన్సు బాగా వెడల్పైనది, అపెర్చర్ చాలా చిన్నది, గది నాలుగు మూలలూ ఒకే ఫొటోలో పట్టాలన్నదే దాని ఉద్దేశం. సాక్ష్యం కోసం తయారైన ఆ పరికరాన్ని తీసుకుని అతడు మనిషి దేహాన్ని కొత్తగా చూశాడు. ఆ తర్వాతి కాలంలో గులకరాళ్ల సముద్రతీరాల్లో, దగ్గరగా ఉన్న చెయ్యో మోకాలో ఒక కొండరాయంత పెద్దదిగా, అసలైన కొండ దాని వెనక చిన్నదిగా కనిపించే చిత్రాలు తీశాడు. మీరు లోపమనుకున్న చీమలపుట్ట గుణాన్నే అతడు కావాలని వాడుకున్నాడన్నమాట.

ఇది మనసులో పెట్టుకుని మళ్లీ గోపాల్‌పూర్ వెళ్లండి. నిలబడి కంటి ఎత్తు నుంచి తీస్తే ఇసుక ఒక పట్టీ, నీళ్లు ఒక గీత, ఆకాశం ఒక పెద్ద ఖాళీ. మీకు వచ్చిన ఫొటో అదే. ఈసారి తెల్లవారుజామున వేటకు వెళ్లిన పడవలు ఒడ్డుకు చేరే వేళకు ముందే వెళ్లి, ఒడ్డున ఉన్న ఏదో ఒక్క వస్తువును ఎంచుకోండి. పడవను కట్టిన తాడు కావచ్చు, ఆరవేసిన వల కావచ్చు, కెరటం వెనక్కి వెళ్లాక మిగిలిన ఒక పాయ కావచ్చు. దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని కెమెరాను నేలకు అడుగు ఎత్తుకు దించండి. తాడు మీ లెన్సు ముందు నుంచి బయలుదేరి, చేతి మణికట్టంత లావు నుంచి క్రమంగా సన్నబడుతూ పడవ ముక్కు వరకూ పోతుంది. పడవ వెనక సముద్రం మళ్లీ సన్నని గీతే, కానీ ఇప్పుడు ఆ గీతకు ఒక పని ఉంది, తాడు ఎక్కడికి పోతోందో అది చెబుతోంది. కెమెరాను ఎంత కిందికి దించితే ముందున్న వస్తువు అంత పెద్దదవుతుంది. ఎంత పైకెత్తితే వస్తువుల మధ్య ఖాళీ నేల అంత ఎక్కువ కనిపిస్తుంది. రెండంగుళాల తేడా కూడా ఫొటోను మార్చేస్తుంది, కాబట్టి ఒకే తాడును పది ఎత్తుల్లో తీసి ఇంటికొచ్చాక పక్కపక్కన పెట్టి చూడండి.

కెరటం వెనక్కి మళ్లేటప్పుడు షట్టర్‌ను అర సెకను ఉంచితే నురుగు తెల్లని పోగుల్లా సాగి లెన్సు వైపు నుంచి లోపలికి దారి తీస్తుంది. దీనికి ట్రైపాడ్ కావాలి, దాని కాళ్లను ఇసుకలో గట్టిగా నొక్కి పెట్టాలి. లేకపోతే కెరటం వచ్చి కాళ్ల కింద ఇసుకను తోడుకుపోతుంది, ఫొటో కదిలిపోతుంది. వైడ్ లెన్సు పట్టుకుని నీటికి అంత దగ్గరగా కూర్చున్నప్పుడు కెరటం మీరనుకున్నంత దూరంలో ఉండదన్నది కూడా గుర్తుంచుకోండి. వ్యూఫైండర్‌లో అది ఎక్కడో ఉన్నట్టు కనిపిస్తుంది, తల ఎత్తేసరికి కాళ్ల మీద ఉంటుంది. నేను ఒక కెమెరాను ఇలాగే పోగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఉప్పునీటి తుంపర ముందు గాజు మీద పడితే చొక్కా అంచుతో తుడవకండి. ముందు ఊది, తర్వాత మంచినీటితో కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి.

ఆ తీరంలో వల బాగుచేసుకునే పెద్దలు చాలామంది మన తెలుగువాళ్లే. తెలుగులో పలకరించి, కాసేపు కూర్చుని, వారు ఒప్పుకున్నాకే కెమెరా ఎత్తండి. దూరం నుంచి టెలి లెన్సుతో ఎవరికీ తెలియకుండా తీసే అలవాటు ఉన్నవారికి ఈ లెన్సు ఒక క్రమశిక్షణ నేర్పుతుంది, ఎందుకంటే దీనితో మనిషిని పెద్దగా చూపించాలంటే మాట వినిపించేంత దగ్గరికి వెళ్లక తప్పదు. వల ముడిని వేళ్లతో పట్టుకున్న చేతులు ముందు, ఆ వెనక ముఖం, ఆ వెనక పడవలు, ఇలా మూడు పొరలుగా తీస్తే ఒక మనిషి, అతని పని, అతని ఊరు ఒకే ఫొటోలో ఉంటాయి.

మహేంద్రగిరి విషయంలో నా సలహా చిన్నది. కింద మందస వైపు నుంచి కొండ ఆకారం కావాలంటే మీ 18–55ను 55 దగ్గర వాడండి, ఆ పని దానిదే. వైడ్ లెన్సును కొండ పైకి తీసుకుపోండి. అక్కడ భీముడి గుడి పెద్ద పెద్ద రాతి దిమ్మెలతో కట్టినది. ఒక దిమ్మె గరుకుదనం కనిపించేంత దగ్గరగా నిలబడి, దాని పక్కగా లోయా మేఘాలూ వచ్చేలా తీయండి. గుడి మొత్తం పట్టాలని కెమెరాను పైకి వంచితే గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వాలి కనిపిస్తాయి. అది వద్దనుకుంటే కెమెరాను నేలకు సమాంతరంగా నిటారుగా ఉంచి, కింద అదనంగా వచ్చిన నేలను తర్వాత కత్తిరించండి. కావాలనుకుంటే మాత్రం సగం సగం వంచకండి, పూర్తిగా వంచండి. కొబ్బరితోటలో నేలమీద వెల్లకిలా పడుకుని నిట్టనిలువుగా పైకి తీసిన ఫొటోలో చెట్లన్నీ నాలుగు వైపుల నుంచి వచ్చి ఆకాశంలో ఒక్కచోట తలలు కలుపుతాయి. కంచిలి, సోంపేట దాటి వెళ్లేటప్పుడు ఉద్దానం తోటల్లో ఎక్కడ ఆగినా ఇది తీయవచ్చు. కొద్దిగా వాలిన గోడ పొరపాటులా కనిపిస్తుంది, పూర్తిగా వాలిన చెట్లు మీ నిర్ణయంలా కనిపిస్తాయి.

పట్టణపు దీపాలకు దూరంగా, అమావాస్య దగ్గరి రాత్రుల్లో, నక్షత్రాలకు కూడా ఈ లెన్సు బాగా పనికొస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో అర్ధరాత్రి దాటాక పాలపుంత దక్షిణం వైపు ఆకాశంలో బాగా కనిపిస్తుంది. ట్రైపాడ్ మీద 10 దగ్గర, అపెర్చర్‌ను పూర్తిగా తెరిచి, ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 3200 పెట్టి ఇరవై సెకన్లు తీయండి. అయిదు వందలను ఫుల్ ఫ్రేమ్ లెక్కలోని ఫోకల్ లెంగ్త్‌తో భాగించి సెకన్లు తేల్చే పాత సూత్రం ప్రకారం మీకు ముప్ఫై మూడు సెకన్లు వస్తాయి గానీ, ఇప్పటి సెన్సర్ల మీద అంతసేపు ఉంచితే నక్షత్రాలు చుక్కలుగా కాక చిన్న గీతలుగా సాగుతాయి. ఇక్కడ కూడా ముందు ఏదో ఒకటి ఉండాలి. మొగలి పొద ఆకారమో, ఒడ్డుకు లాగిన పడవో లేని పాలపుంత ఫొటో ఎక్కడ తీసినా ఒకేలా ఉంటుంది. గంజాం మొగలి పొద ముందుంటే అది మీ ఊరి ఆకాశమని తెలుస్తుంది.

మీ ఊళ్లో రెండేళ్లకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి జాతర గురించి మీరు అడగలేదు, కానీ నేతవారి దేశీబెహరా వీధిలో అమ్మవారు పుట్టింటికి వచ్చినన్ని రోజులూ ఈ లెన్సు మీ కెమెరా మీద నుంచి దిగకూడదని నా కోరిక. మీరు నేతవారి ఇంటి బిడ్డ. ఆ వీధిలో బయటివాళ్లకు లేని చనువు మీకుంటుంది. పులివేషం వేసినవాళ్లు ఆడుతున్నప్పుడు గుంపు బయట నిలబడితే అందరి తలకాయలే వస్తాయి. గుంపు లోపలి వరుసలో నేలమీద కూర్చుని, పులి పంజా మీ లెన్సు వైపు చాచినప్పుడు తీయండి. రంగు పూసిన చెయ్యి ముందు పెద్దదిగా, ఆ వెనక ముఖం, ఆ చుట్టూ వలయంగా నిలబడ్డ జనం, పై అంతస్తుల నుంచి చూస్తున్న పిల్లలు, అన్నీ వస్తాయి. షట్టర్‌ను సెకనులో పదిహేనో వంతుకు తగ్గించి, ఆడే మనిషి కదలికతో పాటు కెమెరాను తిప్పితే, ముఖం కొంత నిలిచి, అంచుల్లోని జనమూ దీపాలూ చుట్టూ సుడిలా తిరుగుతాయి. పదింటిలో ఒకటి కూడా రాకపోవచ్చు. వచ్చిన ఆ ఒక్కటీ చూశాక మిగతా తొమ్మిదింటి గురించి బాధ ఉండదు. ఘటాలు మోసే స్త్రీల విషయంలో మాత్రం ఈ దగ్గరితనం వద్దు. వారు దీక్షలో నడుస్తున్నారు, దారికి అడ్డం వెళ్లకుండా పక్కన నిలబడి తీయండి, వచ్చినంతే చాలు.

అలాగే ఇంకొక చోట కూడా ఈ లెన్సును సంచిలోనే ఉంచమని గట్టిగా కోరుతున్నాను. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట, సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలల్లో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. వైడ్ లెన్సుతో తాబేలు పెద్దదిగా రావాలంటే దాని ముఖం దగ్గరికి వెళ్లాలి. వెలుగుకూ అలజడికీ అది గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్లిపోవచ్చు. ఆ ఫొటో ఎంత బాగున్నా తీయదగినది కాదు.

ఇక పెళ్లి గ్రూపు. చివర్లలో మనుషులు ఎందుకు సాగారో తెలిస్తే పరిష్కారం సులభం. ఈ లెన్సు సరళరేఖలను సరళరేఖలుగానే చూపించేలా తయారైంది. పందిరి గుంజలు వంగకుండా నిటారుగా వచ్చేది అందుకే. కానీ అంత వెడల్పు దృశ్యాన్ని చదునైన సెన్సర్ మీద పరిచేటప్పుడు అంచుల్లోని గుండ్రని వస్తువులు బయటి వైపుకు సాగక తప్పదు. మనిషి తల గుండ్రనిదే కాబట్టి అంచున కోడిగుడ్డులా అవుతుంది. అందుచేత మొదటి మార్గం, గ్రూపులకు 18–55ను 30 దగ్గర వాడి వెనక్కి జరగడం. ఇరుకు కల్యాణ మండపంలో వెనక్కి జరగడానికి చోటు లేకపోతే, వైడ్ లెన్సును 20 దగ్గర పెట్టి, రెండు వైపులా ఒక్కొక్క మనిషి పట్టేంత ఖాళీ వదిలి తీసి, తర్వాత ఆ ఖాళీని కత్తిరించండి. వరుసను అర్ధచంద్రాకారంలో నిలబెడితే బాగుంటుందని కొందరు చెబుతారు. దాని వల్ల చివరివాళ్లు కెమెరాకు ఇంకా దగ్గరై ఇంకా పెద్దగా వస్తారు, ఆ పని చేయకండి. పెళ్లికూతురి ముఖాన్ని ఒక్కదాన్నే దగ్గరగా 10తో తీయకండి. అరచేతి దూరంలో ముక్కుకూ చెవికీ మధ్య ఉన్న కొద్ది అంగుళాల తేడా కూడా ముక్కును పెంచేస్తుంది. మేనత్తగారికి, వీలైతే, చివరి మనుషులను సరిచేసిన ఫొటో ఒకటి పంపండి. అంచుల సాగుదలను కొంతవరకు తగ్గించే సాఫ్ట్‌వేర్ సదుపాయాలు ఇప్పుడు ఉన్నాయి.

అయితే పెళ్లిలో ఈ లెన్సు కోసమే పుట్టినట్టున్న ఘట్టం ఒకటుంది, అది తలంబ్రాలు. పురోహితులతోనూ ఇంటి పెద్దలతోనూ ముందే మాట్లాడుకుని, వధూవరులకు ఒక పక్కగా, వారి మోచేతుల ఎత్తులో కూర్చోండి. 10 లేదా 12 దగ్గర ఉంచి, షట్టర్‌ను సెకనులో అయిదు వందలో వంతుకు పెంచండి, వెలుగు చాలకపోతే ఐఎస్‌ఓను మొహమాటపడకుండా పెంచండి. పెళ్లికొడుకు దోసిలి ఎత్తినప్పుడు కాదు, గింజలు దోసిలి విడిచిన క్షణాన నొక్కండి. లెన్సుకు అడుగు దూరంలో ఎగిరే బియ్యపు గింజలు పసుపుతో సహా ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. వాటి వెనక తల వంచుకుని నవ్వుతున్న పెళ్లికూతురు, ఆ వెనక వంగి చూస్తున్న రెండు వైపుల బంధువులు. ఆ బంధువుల్లో ఎవరూ ఫ్రేము అంచున పడకుండా మాత్రం ఒకసారి చూసుకోండి. ఇదే ఘట్టాన్ని దూరం నుంచి తీస్తే ఇద్దరు మనుషులు, కొన్ని తెల్లని చుక్కలు వస్తాయి.

చివరగా ఫిల్టరు. మీ లెన్సుకు 72 మి.మీ. కొలత సరిపోతుంది. సముద్రపు ఒడ్డున గాజును కాపాడుకోవడానికి సన్నని అంచు ఉన్న మామూలు ఫిల్టరు ఒక్కటి చాలు. ఒకదాని మీద ఒకటి రెండు బిగిస్తే ఫ్రేము నాలుగు మూలలూ నల్లబడతాయి. ఆకాశం నీలంగా రావడానికి పోలరైజర్ కొనమని అంగడివాళ్లు చెబుతారు, దాని కోసం ఇప్పుడే డబ్బు పెట్టకండి. అది సూర్యుడికి తొంభై డిగ్రీల దిక్కులో ఉన్న ఆకాశాన్నే ఎక్కువగా ముదురు చేస్తుంది; మీ లెన్సు అంతకంటే ఎక్కువ మేర ఆకాశాన్ని ఒకేసారి చూస్తుంది కాబట్టి మధ్యలో ఒక నల్లని పట్టీ, దానికి ఇరుపక్కలా పాలిపోయిన ఆకాశం వస్తాయి. ఎదురు సూర్యుణ్ని ఫ్రేములో పెట్టి తీసేటప్పుడు మాత్రం ఉన్న ఫిల్టరును కూడా తీసేయండి, లేకపోతే రెండు గాజుల మధ్య వెలుగు మళ్లి ఫొటోలో ఆకుపచ్చని మచ్చలు పడతాయి.